పిట్ట ముట్టని పార్కు

మిర్యాలగూడకు పిట్టల్ని చూడడానికి వెళ్తున్నానంటే మా కాలేజీ స్టాఫ్‌రూములో ఒక్కరూ నమ్మలేదు. "బియ్యానికి పోతున్న అని చెప్పరాదు మేడం, మాకు గూడ ఒక బస్తా తెత్తురు" అన్నాడు ఇంగ్లీషు సారు. ఆయన తప్పేం లేదు. మిర్యాలగూడ అనగానే ఎవరికైనా రైసుమిల్లులు గుర్తొస్తాయి గాని పిట్టలు గుర్తుకు రావు. సూర్యాపేట అంటే హైవే. కోదాడ అంటే ఆంధ్రా సరిహద్దు. పనిగట్టుకుని సెలవు పెట్టి ఈ మూడు ఊళ్ళు చూసి వచ్చేవాళ్ళు ఎవరుంటారు? నేను వెళ్ళొచ్చాను. వచ్చిన దగ్గర్నుంచి ఎవరైనా "ఎట్లయింది ట్రిప్పు?" అంటే మాట మార్చేస్తున్నాను. నోటితో చెప్పలేక ఇలా రాస్తున్నాను.

నేను కరీంనగర్‌లో జువాలజీ చెబుతాను. నా స్నేహితురాలు రజిత అక్కడే ఒక దవాఖానలో స్టాఫ్ నర్సు. పెళ్ళి చేసుకోలేదు, ఒక్కతే ఉండేది. రాత్రి డ్యూటీ దిగి, నిద్రకళ్ళతోనే నా స్కూటీ వెనక కూర్చునేది. ఆదివారం తెల్లారిందంటే ఇద్దరం ఏదో ఒక చెరువు గట్టున పిట్టల్ని చూస్తూ ఉండేవాళ్ళం. తన సొంతూరు మిర్యాలగూడ. "మా ఊర్ల ఒక పార్కున్నది. పేరుకే పార్కు. బెంచి లేదు, గేటు లేదు, పూలచెట్టు లేదు. గందుకే పిట్టలున్నయి" అని గొప్పలు పోయేది. సూర్యాపేట చెరువు, కోదాడ చెరువు చూసుకుంటూ ఆ పార్కుకు పోదామని ప్రతి చలికాలం అనుకునేవాళ్ళం. ప్రతి చలికాలం తనకో నాకో సెలవు దొరికేది కాదు.

మొన్నటి వానాకాలం చివర్లో ఇద్దరికీ ఒకేసారి జ్వరం వచ్చింది. దవాఖానలో నేనొక వార్డులో, తను పక్క వార్డులో. నాకు తగ్గింది. తనకు తగ్గలేదు. నేను లేచి నడిచేసరికి తనను మిర్యాలగూడ తీసుకుపోయి దహనం కూడా చేసేశారు.

మా తెలంగాణలో మనిషి పోయాక పిట్టకు పెడతారు. పోయినవాళ్ళు ఇష్టంగా తిన్నవన్నీ వండి, విస్తరిలో పెట్టి, దూరంగా నిలబడి చూస్తారు. కాకి వచ్చి ముట్టిందంటే ఆ మనిషి తృప్తిగా వెళ్ళినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో మిగిలిపోయినట్టు. రజితకు మూడోనాడు పెట్టారు, ముట్టలేదు. మళ్ళీ పెట్టారు, ముట్టలేదు. కర్మ నాడూ ముట్టలేదు. అప్పుడు వాళ్ళమ్మ సైదమ్మ నాకు ఫోన్ చేసింది.

"బిడ్డా, మా ఇంట్ల ఉన్నన్నాళ్ళు అది చిన్నపిల్ల. నౌకరికని పోయినంక ఏం తింటున్నదో, ఏమిష్టమో మాకెరుక లేదు. నువ్వు ఇన్నేండ్లు దానితోటి తిరిగినవ్. నీకెరుకుంటది. అమాసకు మల్ల పెడుత. నువ్వే జర ఏదన్న చేసుకొని రా."

జువాలజీ పంతులమ్మను. కాకి ఎందుకు వస్తుందో, ఎందుకు రాదో క్లాసులో గంటసేపు చెప్పగలను. ఆ తల్లికి ఒక్క ముక్క చెప్పలేకపోయాను. వస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక అసలు సంగతి తట్టింది. రజితకు ఏమిష్టమో నాకూ తెలియదు.

సూర్యాపేట

రజిత అనుకున్న దారిలోనే బయల్దేరాను. దారిలో ఎక్కడైనా గుర్తు రాకపోతుందా అని నా ఆశ.

సూర్యాపేట చెరువు దగ్గరికి పొద్దున్నే వెళ్ళాను. ఇప్పుడు చాలా ఊళ్ళ చెరువుల్లాగే దానికీ రెయిలింగు, రంగు లైట్లు, నడిచే బాట వచ్చాయి. బాట మీద జనం చేతులూపుకుంటూ నడుస్తున్నారు. ఎవరి జేబులోనో ఫోన్ పాట పాడుతోంది. నీళ్ళ మధ్యన కొన్ని బొల్లికోళ్ళు, లైటు స్తంభం మీద ఒక నీటికాకి. ఇంత దూరం వచ్చింది దీనికా అనిపించి దిగులేసింది.

బైనాక్యులర్ కళ్ళకు పెట్టుకున్నానో లేదో, మఫ్లర్ చుట్టుకున్న పెద్దమనిషి ఒకాయన వచ్చి పక్కన నిలబడ్డాడు.

"సర్వేనా మేడం?"

"కాదండీ. పిట్టల్ని చూస్తున్నాను."

"పిట్టలకైతే నీళ్ళ దిక్కు సూడాలె. మీరు గా ఒడ్డు దిక్కు సూస్తున్నరు. మాది గాడ చిన్న ప్లాటున్నది. నిజం చెప్పున్రి, రోడ్డుల పోతదా?"

ఎంత చెప్పినా నమ్మలేదు. చివరికి బైనాక్యులర్ తీసి ఆయన చేతికే ఇచ్చాను. స్తంభం మీద నీటికాకి రెక్కలు చాచుకుని కూర్చుంది.

"ఏందిది, చేతులు జాపి నిలబడ్డది?"

"రెక్కలు ఆరబెట్టుకుంటోంది."

"పాపం. చెట్లుంటే చెట్టు మీద ఆరబెట్టుకునేది" అని బైనాక్యులర్ తిరిగిచ్చాడు. అప్పటికి నేను సర్వే మనిషిని కాదని ఒప్పుకున్నట్టుంది. మాది ఏ ఊరు, ఒక్కదాన్నే ఎందుకొచ్చాను, ఇంట్లో ఎవరూ ఏమనరా, అన్నీ అడిగాడు. ఊరికే పోతాడా, చెప్పేదాకా వదల్లేదు. చెప్పాను. పిట్ట ముట్టలేదనగానే ఆయన ముఖంలో జాలి, దాని వెనకే కాస్త గర్వం కనిపించాయి.

"మా ఇంటామె పోయినప్పుడు ఇట్ల పెట్టినమో లేదో అట్ల ముట్టింది మేడం. కోడికూర పెట్టినం."

"ఆమెకు కోడికూర అంత ఇష్టమా?"

ఆయన ఆలోచనలో పడ్డాడు. "ఏమో మేడం. నాకైతే ఇష్టం. ఆమె వండేది" అని, మఫ్లర్ సర్దుకుని, బాట మీద ముందుకు నడిచి వెళ్ళిపోయాడు.

ఆ పూట బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీ తిన్నాను. బజ్జీ మా కరీంనగర్ దానికంటే పొట్టి, కారం మాత్రం రెండింతలు. రజిత బజ్జీలు తినేది. ఇడ్లీ తినేది. ఉప్మా కూడా ముఖం చిట్లించకుండా తినేది. "ఏం తింటవే?" అని అడిగితే "నువ్వేం తింటే గదే" అనేది. ఇన్నేళ్ళూ ఆ మాట విని మురిసిపోయాను గాని, అది జవాబు కాదని సూర్యాపేట బస్టాండులో కారానికి ముక్కు చీదుకుంటూ ఉంటే తెలిసింది.

చివ్వెంల దారిలో

సూర్యాపేట నుంచి కోదాడ వైపు కొంత దూరం షేర్ ఆటోలో వెళ్ళాను. చివ్వెంల దగ్గరి పల్లెల్లో చలికాలపు పిట్టలు పొలాల్లో దిగుతాయని రజిత చెప్పిన గుర్తు. పొలాలు కోసేశారు. వడ్లన్నీ రోడ్డు పక్కన ఆరబోసి ఉన్నాయి. ఆ వడ్ల దగ్గర ఒక ముసలామె కర్ర పట్టుకుని పిచ్చుకల్ని తోలుతోంది. మా ఆటో చక్రం వడ్ల అంచు మీదికి ఎక్కింది. "నీ బండి అగ్గిల వడ!" అని ఆమె తిట్టిన తిట్లు మలుపు తిరిగేదాకా వినిపించాయి.

ఆటో డ్రైవరు నవ్వుతూనే ఉన్నాడు. నా మెడలో బైనాక్యులర్ చూసి, నా పనేమిటో అడిగి, పిట్టకు పెట్టే సంగతి దాకా లాగాడు.

"కాకులకే ఇప్పుడు డిమాండ్ మేడం. హైదరాబాదుల కాకిని సాది కిరాయికి తెత్తున్నరట. వచ్చి ముడతది, ఎళ్ళిపోతది."

నా పక్కన కూరగాయల గంపతో కూర్చున్నామె ఊరుకోలేదు. "కిరాయి కాకి ముడితే పోయినోళ్ళకు అందుతదా?"

"కిరాయి ఇంట్ల ఉంటె నీకు నిద్ర వడ్తలేదా?" అన్నాడు డ్రైవరు.

ఆటోలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మిర్యాలగూడలో సైదమ్మ ఎదురుచూస్తోందని గుర్తొచ్చి ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. పాలపిట్ట ఒకటి కరెంటు తీగ మీద కూర్చుని కనబడింది. పాలపిట్ట కనిపిస్తే మంచి జరుగుతుందని మావాళ్ళంతా దండం పెడతారు. నేను పెట్టను. ఆ రోజు పెట్టాను.

కోదాడ

కోదాడలో నా పాత స్టూడెంట్ లావణ్య ఇంట్లో దిగాను. తను, తన భర్త ఇద్దరూ టీచర్లు. ఇంట్లో పొద్దంతా ఉండేది వాళ్ళత్త మరియమ్మ ఒక్కతే. కోదాడలో మాట అప్పుడే ఆంధ్రా వైపు వాలిపోతుంది. "ఏంది" పోయి "ఏంటి" వస్తుంది. చాయ్ అడిగితే కాఫీ ఇస్తారు. కూరలో చింతపండు చూస్తే మావాళ్ళు బెదిరిపోతారు.

సాయంత్రం మరియమ్మ నన్ను చెరువు దగ్గరికి తీసుకెళ్ళింది. చలిగాలి, బూడిదరంగు నీళ్ళు. నత్తగుల్ల కొంగలు బురదలో నిలబడి ఉన్నాయి. చాలాసేపు అవి కదల్లేదు, మేమూ కదల్లేదు. రజిత ఉంటే ఈపాటికి "ముక్కు సూడే, అడకత్తెర లెక్క మధ్యల సందు" అని ప్రతిసారీ కొత్తగా చెప్పేది. చెప్పేవాళ్ళు లేక ఆ సందు నాకు ఊరికే సందులాగే కనిపించింది. కళ్ళు తుడుచుకుంటుంటే మరియమ్మ చూసింది. ఏమిటని అడిగింది. అంతా చెప్పాను.

"మా చర్చోళ్ళకు ఆ కాకి సంగతి లేదమ్మా" అంది. "సమాధి కాడ కొవ్వొత్తి వెలిగించి ప్రార్థన చేసుకుంటాం. తిన్నారా, తినలేదా అనే దిగులుండదు. ఉండేదల్లా వేరే దిగులు. మా ఆయన పోయి ఎన్నాళ్ళయిందో. ఇప్పటికీ చేపల పులుసు పెడితే తలకాయ ముక్క పక్కన తీసి పెడతాను. ఆయన లేడని ఆ తర్వాత గుర్తొస్తది."

"మీకు ఆయన ఇష్టం తెలుసు గదా. నాకు అదే తెలియడం లేదు."

"నోటితో అడిగితే ఎవురూ చెప్పరమ్మా. పళ్ళెం ముందర చెయ్యి ఎటు పోతదో చూడాల. అదే ఇష్టం."

ఆ మాటతో నాకు గుర్తొచ్చింది.

ఆదివారాలు నేను ఇంట్లో సర్వపిండి చేసి డబ్బాలో పెట్టుకుని వెళ్ళేదాన్ని. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఉల్లిగడ్డ, కారం కలిపి, గిన్నె అడుగున చేత్తో అద్ది, వేలితో బొక్కలు పెట్టి, నూనె వేసి కాలుస్తాం. కరీంనగర్ ఇళ్ళలో ఇది లేని ఆదివారం ఉండదు. నాకు పొయ్యి మీద గిన్నె పెట్టి పేపరు చదివే రోగముంది, అందుకని ఒకటో రెండో ఎప్పుడూ మాడేవి. డబ్బా మూత తీయగానే రజిత చెయ్యి సూటిగా ఆ మాడిన దాని మీదికే వెళ్ళేది. "గది నాకియ్యి. నాకు మాడిందే ఇష్టం" అనేది. మరిచిపోయానా? కాదు, అది ఒక ఇష్టమని కూడా నాకు తోచలేదు. కోదాడ చెరువు గట్టు మీద ఒక్కసారిగా గుండె తేలికయింది. మరియమ్మ చెయ్యి పట్టుకుని ఊపేశాను.

మర్నాడు పొద్దున వాళ్ళ వంటింట్లో సర్వపిండి మొదలుపెట్టాను. మొదటిది బంగారం లాగా వచ్చింది. రెండోది కూడా అలాగే వచ్చింది. కావాలని మాడ్చాలంటే చేత కావడం లేదు. చివరికి మంట పెంచి, గిన్నె వైపు చూడకుండా నిలబడ్డాను. పొగ వాసనకు మరియమ్మ పరుగెత్తుకొచ్చింది.

"మాడిపోతందమ్మా! మాడిపోతంది!"

"మాడాలనే పెట్టానండీ."

ఆమె నన్ను, గిన్నెను మార్చి మార్చి చూసింది. "చచ్చినోళ్ళకు మాడ్చి పెట్టేది నిన్నే చూశానమ్మా" అని, కిటికీ తెరిచి, చీర కొంగుతో పొగ తోలింది. లావణ్య నా ముందు నవ్వలేక పక్కగదిలోకి వెళ్ళిపోయింది. కాని డబ్బా కట్టి ఇచ్చేటప్పుడు మాడింది కింద నలగకుండా పైన పెట్టి ఇచ్చింది మరియమ్మే.

మిర్యాలగూడ

హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ చేరేసరికి మధ్యాహ్నం అయింది. దారి పొడుగునా కాలువ నీళ్ళు, కోసిన పొలాలు, వడ్ల లారీలు. ఊరు దగ్గర పడే కొద్దీ ఉడకబెట్టిన వడ్ల వాసన బస్సులోకి వచ్చింది. మొదట అన్నం వాసనలాగే ఉంటుంది. కాసేపటికి తల నొప్పి పుడుతుంది.

రజిత తమ్ముడు వెంకన్న బస్టాండుకు వచ్చాడు. రైసుమిల్లులో లోడింగు చూస్తాడు. మెత్తని మనిషి. వాళ్ళ ఇల్లు మిల్లుల వెనక సందులో ఉంది. తీగ మీద ఆరేసిన తెల్లచీర మీద సన్నగా నల్లమసి రాలి ఉంది. మిల్లుల్లో ఊక కాల్చిన మసి అది. మా ఊళ్ళో గ్రానైట్ దుమ్ము తెల్లగా పడుతుంది, ఇక్కడ నల్లగా. దులుపుకునే పని మాత్రం రెండుచోట్లా ఆడవాళ్ళదే.

సైదమ్మ నన్ను చూడగానే ఏడుస్తుందని అనుకున్నాను. ఏడవలేదు. కాళ్ళకు నీళ్ళిచ్చి, ముందు డబ్బా వైపు చూసింది.

"ఏం తెచ్చినవ్ బిడ్డా?"

"సర్వపిండి."

"మేం తపాలచెక్క అంటం. దానికి గిది ఇష్టమా? ఇంట్ల చేస్తే ముట్టకపోయేది." ఆమె ముఖంలో మొదటిసారి కొంచెం వెలుగు వచ్చింది. "గందుకే మాకు దొరకలే. ఇగ రేపు ముడతది."

ఆ నమ్మకం చూసి నాకు భయం వేసింది. తన బిడ్డ ఆకలితో తిరుగుతోందనే ఆ తల్లి అనుకుంటోంది. రేపు కాకి రాకపోతే ఆమె ఏమైపోతుంది? మా ఇంటామె పోయినప్పుడు ఇట్లే ముట్టిందని గర్వపడే మనుషుల మధ్య ఆమె బతకాలి. వాడకట్టులో ఇప్పటికే ఎవరో అన్నారట, పెళ్ళి చేయకుండా ఒక్కదాన్ని వదిలేశారు గాబట్టి ఆ పిల్ల మనసు కొట్టుకుంటోందని. వెంకన్న ఆ సంగతి నాకు మెల్లగా చెప్పాడు. అన్నంలోకి దోసకాయ పప్పు, చల్లమిరపకాయలు పెట్టారు. రెండు ముద్దలు తిని లేచాను.

పార్కు

ఇంతకాలం విన్న ఆ పార్కును మర్నాడు, అమాస పొద్దున చూశాను. ఎప్పుడో ప్లాట్లు చేసినప్పుడు పార్కుకని వదిలిన జాగా. చుట్టూ ఇళ్ళు లేచాయి, ఒక స్కూలు లేచింది, పార్కు మాత్రం లేవలేదు. తుప్పు పట్టిన బోర్డు ఒకటి ఉంది. కాలువ ఊట, వాననీళ్ళు కలిసి మధ్యన చిన్న మడుగైంది. మడుగు చుట్టూ జమ్ము, దాని వెనక తుమ్మచెట్లు. ఒక మూల బర్రెలు, ఒక మూల ఖాళీ సీసాలు, పిల్లలు క్రికెట్ ఆడి ఆడి గడ్డి మొలవని నేల. రజిత చిన్నప్పుడు బర్రెకు గడ్డి కోయడానికి ఇక్కడికే వచ్చేదట. పిట్టల్ని చూడడం అప్పుడే అలవాటైందట.

వానలకు ముందు జేసీబీ వచ్చి సగం తుమ్మల్ని పెకిలించిందని వెంకన్న చెప్పాడు. చెట్లు ఇంకా కుప్పగా పడి ఉన్నాయి. ఆ కుప్పలో ఎండిపోయిన గిజిగాడి గూళ్ళు.

"నడవనీకి బాట వేస్తరట అక్క. కసరత్తు మిషన్లు గూడ పెడ్తరట. అమ్మకు పొద్దున నడవనీకైతది" అన్నాడు. సైదమ్మ మోకాళ్ళకు బాట కావాలి. సూర్యాపేట స్తంభం మీది నీటికాకికి చెట్టు కావాలి.

మిగిలిన సగంలో మాత్రం రజిత చెప్పినవన్నీ ఉన్నాయి. జమ్ములో నీలంగా మెరిసి నాముకోడి దాక్కుంది. లకుముకి పిట్ట మడుగులోకి దూకి చేపతో లేచింది. కూకుడుగువ్వ నేలను పొడుస్తోంది. తుమ్మ తొర్రలోంచి పగిడికంటె, అదే చిన్న గుడ్లగూబ, గుండ్రటి కళ్ళతో మమ్మల్ని చూసింది. ఇన్ని పిట్టలున్నాయి. కాకి మాత్రం లేదు.

సైదమ్మ ఒక చోట నీళ్ళు చల్లి, మోదుగాకు విస్తరి పరిచింది. అన్నం, కోడికూర, ఉడికిన గుడ్డు, చిన్న గ్లాసులో చాయ్ పెట్టింది. నా డబ్బా మూత నేనే తీసి రెండు సర్వపిండ్లు పెట్టాను, బాగున్నది కింద, మాడింది పైన. ఆమె అప్పటికే కళ్ళు మూసుకుని దండం పెడుతోంది. "రజితా, రా బిడ్డ" అని పిలిచింది. ఆ పిలుపు ఇంటి గుమ్మంలోంచి పిలిచినట్టే ఉంది.

ఎదురుగా చూస్తే పిట్ట దిగదంటారు. అందుకని పోయి బోర్డు వెనక విస్తరికి వీపు పెట్టి కూర్చున్నారు తల్లీకొడుకులు. "నువ్వు దూరంకెల్లి డబ్బల సూసి చెప్పు" అని నా మెడలోని బైనాక్యులర్ చూపించి సైదమ్మ నాకు పని అప్పజెప్పింది. జీవితంలో ఇన్ని పిట్టల్ని చూశాను. ఒక పిట్ట రావాలని అంత గట్టిగా ఎన్నడూ కోరుకోలేదు.

"వచ్చిందా?" అంది సైదమ్మ.

"వచ్చింది. గోరింక."

"ముట్టిందా?"

"లేదమ్మా. పక్కన చీమల్ని ఏరుకుంటోంది."

"గోరింకైనా మంచిదే. ముట్టుమను."

గోరింక ఎగిరిపోయింది. తీతువు ఒకటి మా తలల మీదుగా అరుచుకుంటూ వెళ్ళింది. ఆ అరుపు అపశకునమని సైదమ్మ చెవులు మూసుకుంది. ఒక కుక్క వస్తే వెంకన్న రాయి విసిరాడు. ఆ రాయికి కుక్క తీరిగ్గా వెళ్ళిపోయింది గాని చెట్టు మీద ఉన్న పిట్టలన్నీ లేచిపోయాయి. స్కూలు డాబా గోడ మీద రెండు కాకులు వాలాయి. బైనాక్యులర్ అటు తిప్పాను. అవి ఇటు చూశాయి, అటు చూశాయి, మాంసం మార్కెట్టు వైపు ఎగిరిపోయాయి. గూళ్ళున్న చెట్లు పీకేశాక కాకి ఆ జాగను నమ్మదు. అది నాకు తెలిసిన జువాలజీ.

"అమ్మా, మార్కెట్టు దగ్గర కాకులున్నాయి. అక్కడ పెడదామా?"

"గాడ కాకులు ఎవలిదైనా తింటయి. గీడ నా బిడ్డ తిరిగింది."

ఎండ పెరిగింది. పిట్ట ముట్టకపోతే బతికున్నవాళ్ళు మాట ఇవ్వాలి. వెంకన్న లేచి చేతులు జోడించాడు. "అక్కా, అమ్మను మంచిగ సూసుకుంట. ముట్టు అక్కా" అన్నాడు. ఈ మాట ఇంతకుముందు కూడా ఇచ్చి ఉంటాడు. నన్నూ ఏదైనా మొక్కమన్నారు. "ప్రతి చలికాలం ఇక్కడికి వస్తానే" అన్నాను. ఏదీ దిగలేదు.

వెంకన్న నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "ముట్టిందని చెప్పరాదు అక్క. అమ్మ పరేషాన్ తప్పుతది. నేను పోయి ఆకు జర చెదరగొడ్త."

చెబుదామనే అనుకున్నాను. తప్పనిపించలేదు. నోరు తెరిచాను కూడా.

"అబద్ధం చెప్పకు బిడ్డా" అంది సైదమ్మ, వీపు తిప్పకుండానే. "నాకు చెవులు మంచిగనే వినొస్తయి."

మిల్లు నుంచి వెంకన్నకు ఫోన్ వచ్చింది, లోడు వచ్చిందని. తల దించుకుని వెళ్ళిపోయాడు. మేమిద్దరం మిగిలాం. చాయ్ మీద మీగడ కట్టింది. కోడికూర మీద ఈగలు వాలాయి. ఇక చూడాల్సిందేమీ లేదని సైదమ్మకూ తెలిసింది. మోకాళ్ళు పట్టుకుని లేచి, విస్తరి దగ్గరికి నడిచింది. నేనూ వెనకే వెళ్ళాను.

అప్పుడు చూసిందామె సర్వపిండిని. వంగి తీసి, తిప్పి చూసింది.

"గిదేంది బిడ్డా? మాడింది పెట్టినవ్?"

"మాడిందే పెట్టాలమ్మా. రజితకు మాడిందే ఇష్టం."

"ఎవలు చెప్పిండ్రు?"

"తనే. ఎన్నిసార్లు తెచ్చినా తనే తీసుకునేది. అది నాకియ్యి, నాకు మాడిందే ఇష్టం అనేది."

సైదమ్మ నన్ను చాలాసేపు చూసింది. కోపం లేదు. వెక్కిరింత లేదు. పసిపిల్లను చూసినట్టు చూసింది.

"డబ్బల ఒకటి మాడింది, ఒకటి మంచిది ఉండె. ఇద్దరు తినేటోళ్ళు. మంచిది ఎవలు తినిండ్రు బిడ్డా?"

ఇన్నేళ్ళ ఆదివారాలు, ఇన్ని చెరువు గట్లు. మంచిది నేనే తిన్నాను.

ఆమె కింద కూలబడింది. పిట్టకు పెట్టింది మనుషులు తినరు, అది మాకు పెద్ద తప్పు. సైదమ్మ ఆ మాడిన సర్వపిండిని తుంచి నోట్లో వేసుకుంది. అటూ ఇటూ చూడకుండా నమిలింది. కరకరమని చప్పుడైంది.

"నేను గూడ ఎప్పుడు గిదే తింట" అంది. "మా ఎంకన్న గూడ అమ్మకు మాడిందే ఇష్టమనుకుంటడు. అందరికి గట్లనే చెప్తడు."

అప్పుడు ఏడ్చింది. నేను వచ్చిన తర్వాత మొదటిసారి. బిడ్డ కడుపు నిండిందో లేదో ఇక ఎవరూ చెప్పలేరని ఏడ్చింది. నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను. కాసేపటికి విస్తరిలో మిగిలిన మంచి సర్వపిండి తీసి ఆమె చేతిలో పెట్టాను.

ఆమె దాన్ని విరిచి, పెద్ద ముక్క నాకిచ్చింది.